పడకగది తూర్పు గోడ

అక్కగారూ,

ముందుగా నా రాతకి క్షమించాలి. నాలుగో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత మా బడి నీళ్ళలోకి పోయింది, ఇంకో బడి కట్టేసరికి నాకు ఇంటిపని వయసు వచ్చేసింది. చేత్తో రాసే అలవాటు ఇప్పుడు ఎవరికీ లేదు కదా, నా అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఒత్తులు ఎక్కడ పడతాయో నాకే తెలియదు. దయచేసి మెల్లగా కూడబలుక్కుని చదవండి.

మీరు కొనబోతున్న నీలిగట్టు భవనం పధ్నాలుగో అంతస్తు ఇంట్లో ముప్ఫై ఎనిమిది రోజులుగా ఉంటున్నదాన్ని నేను. నా పేరు నూకాలు, మా ఆయన పేరు చిన్నారావు. మేము ఇల్లు వెచ్చబెట్టే జంట. మీరు చూడ్డానికి వచ్చిన రోజు పడకగది తలుపు దగ్గర అడ్డం నిలబడింది నేనే. దిండ్లు చుట్టి వచ్చిన అట్టకాగితాల వెనక పెన్సిలుతో రాసుకున్నవి ఉన్నవి ఉన్నట్టే మీకిస్తున్నాను. ఎందుకిస్తున్నానో చివర ఉంది.

రెండో రోజు

గోడల పూత ఇంకా తడిగానే ఉంది. వేలు పెడితే మీగడలా ఆడుతోంది. నలభయ్యో రోజుకి గట్టిపడుతుంది. అప్పటిలోగా మా ఒంటి నుంచి ఎంత వెచ్చదనం తీసుకుంటే అంతే. ఆ తర్వాత ఎక్కించాలన్నా ఎక్కదు, తుడవాలన్నా పోదు. మాటలు దానికి అక్కర్లేదు, మనిషి లోపల ఉన్నదే పడుతుంది. కొనేవాళ్ళు చెప్పులు విడిచి గోడకి అరచెయ్యి ఆనించి చూస్తారు. చల్లగా తగిలిన ఇంటిని ఎవరూ కొనరు. అందుకే మాలాంటి వాళ్ళని కాపురం పెడతారు.

ఇంతకు ముందు ఆరిళ్ళూ మెట్ట మీదవే. సముద్రంలో స్తంభాలు వేసి కట్టిన ఇంట్లో ఉండటం మాకు ఇదే మొదలు.

ఇళ్ళు ముస్తాబు చేసే సుభాషిణి మేడం పొద్దున్నే పడవ బస్సులో సామాను తెచ్చారు. బూడిదరంగు సోఫా, సన్నకాళ్ళ బల్ల, మూలల్లో నిలబెట్టే దీపాలు, మంచానికి పదకొండు దిండ్లు. బీరువా సగం ఖాళీగా ఉంచాలి, నిండితే చిన్నదిగా కనిపిస్తుందట. మా ఫొటోలు ఎక్కడా కనిపించకూడదు. పగటిపూట మంచం మీద ఒక్క ముడత ఉండకూడదు. వంటింటి గట్టు మీద గాజు గిన్నెలో పన్నెండు నిమ్మకాయలు పెట్టారు, చూడ్డానికే. సముద్రం రెండుసార్లు కనిపించేలా కిటికీ ఎదురుగా నిలువుటద్దం తగిలించారు.

"అమ్మాయ్, గోడకి ఆనుకుని కూర్చో. ఎప్పుడు చూసినా అంచునే కూర్చుంటావేంటి, బస్సు కోసం చూస్తున్నట్టు?" అన్నారు.

ఆనుకున్నాను. ఆవిడ గుమ్మం దాటగానే మళ్ళీ అంచుకి జరిగాను. పెళ్ళయి పదకొండు నెలలు, ఇది ఏడో ఇల్లు. ఏ ఇంట్లోనూ నా వీపుకి గోడ అలవాటు కాలేదు.

మా ఆయన అప్పుడే ఒక నిమ్మకాయ మజ్జిగలో పిండేశాడు.

"లెక్కుంది మావా దానికి!" అన్నాను.

"పన్నెండైతే ఏటి, పదకొండైతే ఏటి? నిమ్మకాయలు లెక్కెట్టుకొని కొంటారేటి ఇల్లు?" అని ఒకటే నవ్వు. అతను నవ్వితే వంటింటి గోడ నిజంగానే వెచ్చబడుతుంది. మా సంస్థలో అతన్ని మంచి చెయ్యి అంటారు. ఇంతలో తడి తువ్వాలు తీసుకెళ్ళి ఆ అద్దం మీద ఆరేశాడు. దండెం ఉండగా ఇదేంటంటే, "ఇక్కడైతే గాలాడతాది" అన్నాడు.

తొమ్మిదో రోజు

గోడ నాడి చూసే సూరన్నగారు వచ్చారు. పెద్దాయన. ఎడమచేతికి ఎప్పుడూ తొడుగు ఉంటుంది, గోడ దగ్గరే తీస్తారు. నూటికి ఎంతో చెబుతారు. డెబ్భై దాటితే ఇల్లు అమ్మకానికి పనికొచ్చినట్టు. హాలుకి అరవై ఎనిమిది, వంటింటికి ఎనభై వచ్చాయి. పడకగదిలో మంచం తలాపు ఉన్న తూర్పు గోడ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశారు.

"వంటిల్లు పండగలాగుందమ్మా. ఇదేటి, సేపలు దాసే ఐసు పెట్టిలాగుందీ? ముప్పై."

మేడం నా వైపే చూశారు. నేను తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచాను. చల్లదనం నాదే అనిపించింది. నాకు మాటలు రావు, నవ్వు రాదు, నలుగురిలో తల ఎత్తను. గోడకి ఇవ్వడానికి నా దగ్గర ఏముంటుంది?

పదకొండో రోజు

మెట్ల గోడలకి పూత ఉండదు. అందుకని ఈ భవనంలో వెచ్చబెట్టే జంటలు పోట్లాటలన్నీ మెట్ల మీదే పెట్టుకుంటారు. ఏడుపులూ అక్కడే. మేము వెళ్ళేసరికి పదహారో అంతస్తు దేముడమ్మ, వాళ్ళాయన మలుపులో నిలబడి ఉన్నారు.

"మీదెంతసేపప్పా?" అని అడిగాడు మా ఆయన.

"మాది పెద్దదిరా తమ్ముడూ. మా అత్త ఇసయం. మీది సిన్నదైతే ముందు కానిచ్చీయండి," అని దేముడమ్మ మొగుణ్ణి లాక్కుని ఒక మలుపు పైకి ఎక్కింది.

నేను చాలా రోజులుగా అనుకుంటున్నది అడిగేశాను. "నువ్వు నవ్వుతావు కదా మావా. అది నా కోసమా, గోడ కోసమా?"

"ఏటలాగడుగుతావు? నవ్వుకి రెండు రకాలుంటాయేటి?"

"ఉంటాయి నూకాలూ!" పైనుంచి దేముడమ్మ కేకేసింది. "పైకిరా, నా మొగుడి దగ్గర మూడో రకం కూడా ఉంది!"

మా ఆయన మళ్ళీ నవ్వాడు.

పదహారో రోజు

తూర్పు గోడ ఇరవై నాలుగుకి దిగింది. రోజూ దానికి వీపు ఆనించి కూర్చుంటున్నాను. అమ్మని తలుచుకున్నాను, పెళ్ళినాడు తిన్న లడ్డూని తలుచుకున్నాను. ఏది తలుచుకుంటే వెచ్చబడుతుందో ఎవరూ నేర్పలేదు. కాసేపటికే లేచి దిండ్లు సర్దుతాను, ఊడ్చిన చోటే ఊడుస్తాను, మళ్ళీ వచ్చి కూర్చుంటాను.

ఈరోజు మేడం నన్ను కిటికీ దగ్గరకి పిలిచారు. "చూడమ్మాయ్, దాచి చెప్పడం నాకు రాదు. గడువులోగా ఆ గోడ డెబ్భైకి రాకపోతే, వచ్చే ఇంటికి చిన్నారావుతో వేరే మనిషిని వేస్తాను. ఆ రాజ్యం పిల్ల ఖాళీగానే ఉంది, పెళ్ళికి ముందు అతనితో మూడిళ్ళు చేసింది. పని కోసమే అనుకో. నువ్వు కొన్నాళ్ళు మీ అమ్మ దగ్గర ఉండు."

పని కోసమే. ఒకే మంచం, ఒకే కంచం, నలభై రోజులు. తర్వాత ఇంకో నలభై. రాజ్యం ఎలా ఉంటుందో నాకు తెలుసు. బాగా మాట్లాడుతుంది.

మా ఆయనతో చెబితే, "మేడంగారు బెదిరిత్తన్నారే," అని దానికీ నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది. మెట్ల మీదకి వెళ్ళే ఓపిక కూడా లేక ఊరుకున్నాను.

ఇరవై నాలుగో రోజు

మెట్ట మీద ఒక ఇంటికి సామాను మొయ్యాలని మా ఆయన్ని రెండు రోజులు అక్కడికి పంపారు. ఇవాళ సాయంత్రం వస్తాడు. పొద్దున్న సూరన్నగారు ఒక్కరే వచ్చారు. తూర్పు గోడ మీద చెయ్యి పెట్టి, తీసి, పంచెకి తుడుచుకుని మళ్ళీ పెట్టారు.

"యాభై ఒకటి. రెండ్రోజులూ నువ్వొక్కదానివే ఉన్నావేటమ్మా?"

తల ఊపాను.

"మరైతే సల్లదనం నీది కాదు."

ఆయన తొడుగు వేసుకుంటూ నెమ్మదిగా అన్నారు, "మేడంకి అంకె సెప్తాను. ఎవలిదో సెప్పను. అది నాడి సూసీవోడి పని కాదు."

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఈ మాట చెబితే అతని పేరు పోతుంది, పని పోతుంది. చెప్పకపోతే నేను పోతాను. ఈ రెండిటికంటే ఎక్కువగా మూడోది తొలుస్తోంది. నా పక్కన పడుకుంటే అతను అంత చల్లబడిపోతాడెందుకు? రాజ్యంతో చేసిన మూడిళ్ళలో ఇలా జరగలేదు కదా.

ఇరవై ఆరో రోజు

అతను వచ్చాడు, గోడ దిగిపోయింది. నా చేతికే తెలుస్తోంది.

పొద్దున్న పక్క సర్దుతూ ఆగిపోయాను. నా వైపు దుప్పటి నలిగి ఉంది, నా దిండులో తల గుంట ఉంది. అతని వైపు ఒక్క ముడత లేదు. దిండు మేడం పెట్టిన దిండులాగే ఉబ్బెత్తుగా ఉంది. ఇన్నాళ్ళూ పని బాగా తెలిసినవాడు కదా, లేవగానే సర్దేస్తున్నాడు అనుకున్నాను. సర్దడం కాదు. ఈ ఇంటికి వచ్చాక అతను ఆ దిండు మీద తల పెట్టనేలేదు.

ఇరవై తొమ్మిదో రోజు

మధ్యాహ్నం అన్నం తిన్నాక అడిగాను. "నువ్వు రాత్రులు పడుకోవు. ఎందుకు?"

అతను చెయ్యి కడుక్కుంటూ, "పద, మెట్ల మీదికెల్దాం," అన్నాడు.

"ఎల్లను. ఇక్కడే సెప్పు."

"ఒలే, పూత తడిగుంది. పాడైపోద్ది."

"పాడైపోనీ! అన్నీ మెట్ల మీద సెప్పుకుంటే ఇంట్లో ఏటి మిగిల్తాది? పక్కలో నానున్నాను కదా, నన్ను సూత్తే నిద్దర రాదా నీకు? రాజ్యమైతే వత్తాదా?"

నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు. అతను గోడల వైపు చూశాడు, నా వైపు చూశాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. అతను కూడా నాలాగే వీపు గోడకి ఆనించలేదు.

"నాకు ఏడేళ్ళప్పుడు మా పేట పోయింది. నాను నిద్దరోతన్నాను. మా అయ్య నన్నెత్తుకొని లేచీసరికి గుమ్మం నీలల్లో ఉంది. మా మామ్మ మంచం ఉన్నకాడ మంచం లేదు. నీలొచ్చీముందు సప్పుడు మారతాదంట. మెలకువగా ఉంటే ఇనీవోణ్ణి. మామ్మని లేపీవోణ్ణి." కింద స్తంభాలకి నీళ్ళు తగులుతున్నాయి, ఆ చప్పుడు గోడల్లోంచి మా అంతస్తు దాకా ఎక్కుతోంది. అతని చెవి అటే ఉంది. "మెట్ట మీదైతే తొంగుంటాను. ఇక్కడ కళ్ళు మూస్తే సప్పుడు మారినట్టుంటాది. పగలు నవ్వకపోయినా అదే ఇనబడతాది."

"నాకెందుకు సెప్పలేదు?"

"నవ్వుతావని."

"నానెప్పుడు నవ్వాను మావా నీ మొగం! నవ్వీది నువ్వు కదా!"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎవరికి ముందు నవ్వొచ్చిందో తెలియదు. నాకు నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది, రెండూ గోడ ముందే.

లేచి పదకొండు దిండ్లూ కిందకి తోసేశాను. "తొంగో."

"ఇప్పుడా? మంచం నలుగుతాది. మేడం..."

"నలగనీ. నాను ఇంటాను. సప్పుడు మారితే నిన్ను లేపుతాను. నువ్వు పిల్లోడివి కాదు, నిద్దర్లో ఎత్తుకోలేను గానీ లేపడం మాత్రం లేపుతాను. ఒట్టు."

పడుకున్నాడు. కాసేపు కళ్ళు తెరిచే ఉన్నాడు. తర్వాత నోరు కొంచెం తెరుచుకుంది. నేను తూర్పు గోడకి ఆనుకుని కూర్చుని నీళ్ళు విన్నాను. మూడు గంటలపాటు కదల్లేదు. కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు.

ముప్ఫై నాలుగో రోజు

రోజూ మధ్యాహ్నం అతను పడుకుంటున్నాడు, నేను వింటున్నాను. ఏ స్తంభానికి నీళ్ళు ఎలా తగులుతాయో, పడవ బస్సు వస్తే అల ఎలా విరుగుతుందో, పోటు ఎప్పుడు మొదలవుతుందో ఇప్పుడు నాకు తెలుసు. ఒక్క భయం మాత్రం పోదు. నేను కునుకు తీస్తే? ఒకసారి నన్ను నేను గట్టిగా గిల్లుకున్నాను.

ఇవాళ తాళం తిరిగిన చప్పుడైంది. చూపు రోజుకి ఇంకా టైముందనుకుంటే, మేడం చెప్పకుండా ఒకావిడని తీసుకొచ్చారు. ఆవిడ చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని ఉంది. నేను పరుగున వెళ్ళి పడకగది తలుపుకి అడ్డం నిలబడ్డాను.

"పక్కకి జరుగమ్మాయ్," అన్నారు మేడం.

"ఇప్పుడు ఈ గది చూడ్డానికి వీల్లేదండి. మా ఆయన పడుకున్నాడు."

"పగలా? ఆ మంచం మీదా?"

"ఆ మంచం మీదేనండి."

మేడం ముఖం ఎర్రబడింది. "లేపు. పార్టీ ముందు నా పరువు తీస్తావా? లేపుతావా, నేను లేపనా?"

అమ్మ ఇంటికి వెళ్ళే పడవ బస్సు కళ్ళకి కనిపించింది. అయినా తలుపు చట్రం వదల్లేదు. "సప్పుడు మారితేనే లేపుతానని మాటిచ్చానండి. మారలేదు. లేపను. మీరూ లేపకండి."

మేడంకి ఏమీ అర్థం కాలేదు. నోరు తెరిచేలోగా ఆ వచ్చినావిడే అంది, "తలుపు పక్క నుంచి చెయ్యి ఒక్కటే లోపలికి పెట్టి చూస్తానమ్మా. చప్పుడు చెయ్యను." చిన్నగా అడిగింది, నన్నే అడిగింది. కొంచెం జరిగాను.

ఆవిడ చెయ్యి చాపి తూర్పు గోడ చివర అరచెయ్యి ఆనించింది. కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. మేడం రెండుసార్లు గడియారం చూసుకున్నారు. ఆవిడకి పెద్ద ఆవులింత వచ్చింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే తీరిక కూడా లేకుండా.

"క్షమించండి," అని సిగ్గుపడింది. "మా అత్తగారికి రెండేళ్ళుగా నిద్ర లేదు. ఆవిడతో పాటు ఇంట్లో ఎవరికీ లేదు. ఈ గది ఆవిడకి ఇస్తాను."

లోపల మా ఆయన పక్కకి ఒత్తిగిలాడు, లేవలేదు.

ముప్ఫై ఏడో రోజు

తూర్పు గోడ ఎనభై ఎనిమిది.

సూరన్నగారు అంకె చెప్పాక కూడా చెయ్యి తియ్యలేదు. మేడం హాలులోకి వెళ్ళాక నాతో అన్నారు, "పైన మంచి నిద్దరుంది. దాని కింద ఇంకోటుందమ్మా. ఎవలో సానా రోజులు బయపడ్డారు. అంకెకి అది అందదు, పైన ఉన్నదే అందుతాది." తొడుగు వేసుకుని వెళ్ళిపోయారు.

మేడం మా ఇద్దర్నీ కూర్చోబెట్టారు. "వచ్చే ఇల్లు సముద్రంలోకి ఇంకా లోపలికి ఉంది. మీరిద్దరే వెళ్ళాలి. ఆ మధ్యాహ్నం నిద్ర అక్కడ కూడా కావాలి నాకు." నా వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ నీ బెరుకు వల్లే కదా గోడ చల్లబడింది? ఒప్పుకో, తప్పు లేదు," అన్నారు.

మా ఆయన నోరు తెరిచాడు. బల్ల కింద అతని తొడ మీద గిల్లి, "అవునండి," అన్నాను.

ముప్ఫై ఎనిమిదో రోజు

అక్కగారూ, మీరు ఈరోజు కర్టెన్ల కొలతలకి వస్తున్నారు కదా, ఈ కాగితాలు మీ చేతికే ఇస్తాను. నిన్నటి నుంచి ఇంట్లో ఒక చోట నిలబడలేకపోతున్నాను. మీ అత్తగారి నిద్ర సంగతి విని ఉండకపోతే ఇంత బాధ ఉండేది కాదు. నిద్ర లేని మనిషి కోసం మీరు కొంటున్న గోడలో ఉన్నది నిద్ర ఒక్కటే కాదు. ఇరవై ఆరు రాత్రుల మెలకువ కూడా ఉంది. ఎల్లుండితో పూత గట్టిపడుతుంది, అప్పుడు రెండూ అందులోనే ఉండిపోతాయి.

ఈ ఇల్లు వద్దనుకుంటే రేపటిలోగా వద్దని చెప్పేయండి. కారణం అడిగితే ఆ పనమ్మాయి పెడసరంగా మాట్లాడింది, నచ్చలేదు అనండి. నన్ను అమ్మ దగ్గరికి పంపితే పంపనివ్వండి. మా ఆయన సంగతి మాత్రం చెప్పకండి. ఈ పని తప్ప అతనికి ఇంకోటి తెలియదు, భయం సంగతి బయటపడితే అతనికి ఎక్కడా ఇల్లు ఇవ్వరు.

కొనుక్కుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. మీ అత్తగారు ఎప్పుడైనా ఉలిక్కిపడి లేచి నీళ్ళ చప్పుడు మారిందంటే, ఆవిడకి మతి తప్పిందనుకోకండి. ఆ భయం ఆవిడది కాదు. స్తంభాలు గట్టివే, తొమ్మిది రోజులు నేను విన్నాను. మీలో ఎవరైనా ఒకరు ఆ గోడకి ఆనుకుని కూర్చుని, మీరు పడుకోండి, నేను వింటున్నాను అనండి. అనేసి వెళ్ళిపోకండి. నిజంగా వినాలి. వినకపోతే పడుకున్నవాళ్ళకి తెలిసిపోతుంది.

కొత్త ఇంటి సంగతి నాకు తెలియదు. అక్కడ నీళ్ళు ఇంకా లోతు, చప్పుడు వేరుగా ఉంటుంది, మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఈసారి మెట్ల మీదకి వెళ్ళకూడదని ఇద్దరం అనుకున్నాం. మేడంకి చెప్పలేదు.

ఇంతకంటే రాయలేను, అతను పక్కనే పడుకున్నాడు, నా చెవి అటే ఉండాలి. మేడం చేతిలో పడితే రెండు బతుకులు పోతాయి. చదివిన వెంటనే, నా తప్పులు చూసి నవ్వుకోవడానికైనా ఒక్క ముక్క దాచుకోకుండా, ఈ కాగితాలు పొయ్యిలో వేసి కాల్చేయండి.